గీతల భాష: వైర్ లేని బార్ కోడ్ స్కానర్‌ను అమర్చుకోవడం ఎలా?

- ఒక పూర్వ విద్యార్థి

సబ్బు కాగితం మీద, మందుల పెట్టె మీద, నోట్‌బుక్ వెనక అట్ట మీద నల్లటి నిలువు గీతలు చూడనివారు ఉండరు. ఆ గీతలనే బార్ కోడ్ అంటారు. వాటిని చదివే పరికరమే బార్ కోడ్ స్కానర్. మన హాస్టల్‌లో చదువుకుని బయటికి వెళ్ళిన వారిలో ఎందరో తమ మొదటి జీతాన్ని సూపర్ మార్కెట్‌లోనో, మందుల దుకాణంలోనో, కొరియర్ ఆఫీసులోనో, గోదాములోనో అందుకున్నారు. అలాంటి చోట పనిలో చేరిన మొదటి రోజే చేతికి ఈ స్కానర్ ఇస్తారు. గీతల మీద వెలుగు పడేలా పట్టుకుని మీట నొక్కడం రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. దానిని పనికి తగినట్టు అమర్చడం మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు.

తీరా లెక్క తప్పినప్పుడు అడిగేది స్కానర్‌ను కాదు, దానిని పట్టుకున్న మనిషిని. అందుకే తమ్ముళ్ల కోసం ఈ వ్యాసం.

గీతల వెనుక కథ

బార్ కోడ్ ఆలోచన అమెరికాలో పుట్టింది. నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ అనే ఇద్దరు యువకులు దీనికి 1952లో పేటెంట్ పొందారు. వుడ్‌లాండ్ చిన్నతనంలో స్కౌట్‌గా టెలిగ్రాఫ్‌లో వాడే మోర్స్ కోడ్ నేర్చుకున్నాడు. ఒకనాడు సముద్రతీరంలో కూర్చుని, చుక్కలను, అడ్డగీతలను ఇసుకలో కిందికి లాగితే సన్నగీతలు, లావుగీతలు ఏర్పడ్డాయి. అదే ఈ కోడ్‌కు మూలం. దుకాణంలో ఒక సరుకును ఇప్పటి తరహా కోడ్‌తో మొదటిసారి స్కాన్ చేసింది 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో. ఆ సరుకు ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్.

మన దేశంలో సరుకుల మీద ఎక్కువగా కనిపించేది 13 అంకెల కోడ్. అది 890తో మొదలైతే ఆ నంబరు భారతదేశంలోని సంస్థ ద్వారా నమోదైందని అర్థం. సరుకు ఇక్కడే తయారైందని మాత్రం దాని అర్థం కాదు. చాలామంది ఇక్కడ పొరబడుతుంటారు.

పదమూడో అంకె కాపలాదారు

13 అంకెల్లో చివరిది సరిచూసే అంకె. ఉదాహరణకు 8901234567890 అనే నంబరు తీసుకుందాం. చివరి సున్నాను పక్కన పెట్టి, మిగిలిన పన్నెండింటిలో 1, 3, 5, 7, 9, 11 స్థానాల్లోని అంకెలను కూడాలి: 8+0+2+4+6+8 = 28. తరువాత 2, 4, 6, 8, 10, 12 స్థానాల్లోని అంకెలను కూడి మూడుతో గుణించాలి: 9+1+3+5+7+9 = 34; 34×3 = 102. రెండూ కలిపితే 130. దీనిని తరువాతి పదుల సంఖ్యకు చేర్చడానికి ఎంత కావాలి? ఇది ఇప్పటికే పదుల సంఖ్య కనుక సున్నా చాలు. అదే పదమూడో అంకె.

గీత చెరిగిపోయి స్కానర్ 5ను 6గా చదివిందనుకోండి. మొత్తం 133 అవుతుంది. అప్పుడు చివరి అంకె 7 ఉండాలి, కానీ అక్కడ 0 ఉంది. లెక్క కుదరదు కనుక స్కానర్ ఆ నంబరును తీసుకోదు. ఏడో తరగతి లెక్కతో నడిచే కాపలా ఇది. మీరే నోట్‌బుక్ వెనక ఉన్న నంబరు తీసుకుని వేసి చూడండి.

స్కానర్ అంటే ఒక కీబోర్డు

ఇక అసలు విషయం. స్కానర్‌కు సరుకు పేరు తెలియదు, ధర తెలియదు. అది గీతలను అంకెలుగా మార్చి, వాటిని కీబోర్డు మీద ఎవరో టైపు చేసినట్టుగా కంప్యూటర్‌కు పంపుతుంది. పేరు, ధర కంప్యూటర్‌లోని జాబితాలో ఉంటాయి. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం చిక్కులు విడిపోతాయి.

ఎందుకంటే కీబోర్డు టైపు చేసినది కర్సర్ ఎక్కడుంటే అక్కడే పడుతుంది. కర్సర్ కోడ్ గడిలో కాకుండా పరిమాణం గడిలో ఉంటే, ఒక్క సబ్బుకు బదులు ఎనిమిది లక్షల కోట్లకు పైగా సబ్బులు అమ్మినట్టు పడుతుంది! అందుకే స్కాన్ చేసే ముందు ఒకసారి తెర వైపు చూడటం మొదటి అలవాటు.

వైర్ లేకుండా మూడు దారులు

మొదటిది: చిన్న డాంగిల్. స్కానర్‌తో పాటు వచ్చే ఈ ముక్కను కంప్యూటర్ యూఎస్‌బీ రంధ్రంలో పెడితే చాలు. కొన్నింటికి డాంగిల్ బదులు ఛార్జింగ్ స్టాండే ఆ పని చేస్తుంది. కొత్తవారికి ఇదే తేలిక.

రెండవది: కీబోర్డు తరహా బ్లూటూత్. సెల్ ఫోన్‌కు, ల్యాప్‌టాప్‌కు డాంగిల్ లేకుండా నేరుగా కలుస్తుంది.

మూడవది: సీరియల్ తరహా బ్లూటూత్. ఇందులో అంకెలు కర్సర్ దగ్గర పడవు, ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్‌కే వెళ్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ లేనివారు దీని జోలికి వెళ్ళనక్కరలేదు.

స్కానర్ చదివే తీరులోనూ తేడాలున్నాయి. లేజర్ రకం గీతలను మాత్రమే చదువుతుంది. చతురస్రంలో ఉండే క్యూఆర్ కోడ్‌ను చదవలేదు. ఇమేజర్ రకం ఫొటో తీసినట్టు చదువుతుంది కాబట్టి రెండూ దానికి వస్తాయి. 2023 ఆగస్టు 1 నుంచి మన దేశంలో 300 మందుల బ్రాండ్ల మీద బార్ కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ తప్పనిసరి చేశారు. కనుక మందుల దుకాణానికి ఇమేజర్ రకమే తగినది. లేజర్ వెలుగును సరదాకైనా ఎవరి కళ్ళలోకీ వేయకూడదు.

అమర్చే క్రమం

స్కానర్‌కు తెర ఉండదు, బటన్లు ఒకటి రెండే. మరి సెట్టింగులు ఎలా మార్చాలి? దానికీ బార్ కోడ్‌లే! పెట్టెలో వచ్చే చిన్న పుస్తకంలో ఒక్కో సెట్టింగుకు ఒక్కో కోడ్ అచ్చు వేసి ఉంటుంది. కావలసిన కోడ్‌ను స్కాన్ చేస్తే స్కానర్ ఆ మాట వింటుంది. కొన్ని రకాలకు ముందు 'సెట్టింగు ప్రారంభం', చివర 'సెట్టింగు ముగింపు' కోడ్‌లు కూడా స్కాన్ చేయాలి. ఒకే పేజీలో పది కోడ్‌లుంటే పక్కవాటిని కాగితంతో కప్పండి. లేకపోతే ఒకటనుకుంటే మరొకటి చదివేస్తుంది.

1. మొదటి స్థితికి తేవడం: కొత్తది లేదా పాత సెట్టింగులు అక్కరలేనిది అయితే 'ఫ్యాక్టరీ డిఫాల్ట్' కోడ్ స్కాన్ చేయండి. నడుస్తున్న దుకాణంలోని స్కానర్‌ను మాత్రం యజమానిని అడగకుండా ఇలా చేయకండి. అందులోని అమరికలన్నీ పోతాయి.

2. జత కలపడం: డాంగిల్ రకమైతే 'పెయిరింగ్' కోడ్ స్కాన్ చేసి డాంగిల్ పెట్టండి. కలిసినట్టు బీప్ శబ్దం వస్తుంది. బ్లూటూత్ అయితే కంప్యూటర్‌లో గానీ ఫోన్‌లో గానీ స్కానర్ పేరు వెతికి కలపండి. కొన్నిసార్లు తెర మీద కొన్ని అంకెలు కనిపిస్తాయి. వాటిని పుస్తకం చివర ఉండే అంకెల పట్టిక నుంచి ఒక్కొక్కటిగా స్కాన్ చేయాలి. ఇంతకుముందు కలిపి ఉండి ఇప్పుడు కలవకపోతే, పాత పేరును తీసివేసి మళ్ళీ కొత్తగా కలపండి.

3. భాష: స్కానర్‌లో కీబోర్డు రకాన్ని అమెరికన్ ఇంగ్లీషుకు పెట్టండి. కంప్యూటర్‌లోనూ ఇంగ్లీషే ఉండాలి. మన ఆఫీసుల్లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టి మరిచిపోతుంటారు. అప్పుడు కోడ్‌లో 'కె' అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే తెర మీద 'క' పడుతుంది, 'ఎల్' ఉంటే 'త' పడుతుంది. స్కానర్ చెడిపోయిందని తిరిగి పంపించే ముందు ఇది చూసుకోవాలి.

4. చివర ఎంటర్: ప్రతి కోడ్ తరువాత ఎంటర్ నొక్కినట్టు కావాలా, ట్యాబ్ నొక్కినట్టు కావాలా అనేది ఎంచుకోవచ్చు. బిల్లింగ్‌కు సాధారణంగా ఎంటర్ పెడతారు. ఇది లేకపోతే రెండు సరుకుల నంబర్లు ఒకే గడిలో కలిసిపోయి 26 అంకెలవుతాయి.

5. ఏయే కోడ్‌లు చదవాలి: అవసరం లేని రకాలను ఆపేయడం మంచిది. ముఖ్యంగా అట్టపెట్టెల మీద ఉండే 14 అంకెల కోడ్ విషయంలో జాగ్రత్త. ఏటవాలుగా పట్టుకుంటే సగమే చదివి, అదే పూర్తి నంబరు అనుకునే ప్రమాదం ఉంది. ఆ రకానికి పొడవు 14 అని ఖాయం చేయాలి. ఆ కోడ్ చుట్టూ లావుపాటి నల్ల అంచు వేసేది కూడా ఈ సగం చదువును అడ్డుకోవడానికే.

6. పరీక్ష: నోట్‌ప్యాడ్ తెరిచి అయిదారు సరుకులను స్కాన్ చేయండి. తెర మీది అంకెలను, ప్యాకెట్ మీది అంకెలను కళ్ళతో పోల్చండి. ఆ తరువాతే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరవండి.

నిల్వ పద్ధతి: ఇక్కడ మరింత జాగ్రత్త

వైర్ లేని స్కానర్లలో చాలావాటికి నిల్వ పద్ధతి ఉంటుంది. గోదాములో ఇనుప రాకుల మధ్యకు వెళ్తే, గోడలు అడ్డొస్తే కంప్యూటర్‌తో సంబంధం తెగిపోతుంది. అలాంటప్పుడు చదివినవన్నీ స్కానర్ తన జ్ఞాపకంలో దాచుకుని, తిరిగి వచ్చాక 'మొత్తం పంపు' కోడ్ స్కాన్ చేస్తే ఒకేసారి పంపుతుంది. చాలా ఉపయోగం. అయితే చాలా రకాల్లో పంపినంత మాత్రాన ఆ జ్ఞాపకం ఖాళీ కాదు. 'చెరిపివేయి' కోడ్‌ను విడిగా స్కాన్ చేయాలి.

నేను పనిచేసిన ఒక గోదాములో కొత్తగా చేరిన కుర్రవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వచ్చిన సరుకును రోజూ స్కాన్ చేసి పంపేవాడు. ముందు రోజు నంబర్లు కూడా మళ్ళీ వెళ్తుండేవి. కంప్యూటర్‌లో స్టాకు పెరుగుతూ పోయింది, రాకుల్లో అంత లేదు. నెలాఖరున తరుగు కనిపించింది. కుర్రవాడి జీతంలో కోత వేశారు. రెండో నెలా అదే మాట వచ్చేసరికి, తోటివాళ్ళం కలిసి ఫైలు తెరిపించి చూశాం. ప్రతిరోజు జాబితా మొదట్లో నిన్నటి నంబర్లే, అదే వరుసలో, ఒక్క అంకె తేడా లేకుండా ఉన్నాయి. ఎవరో సరుకు ఎత్తుకుపోతే కాగితం మీద ఇలాంటి వరుస ఉండదు కదా! రెండో కోత ఆగింది. మొదటి నెల కోసిన డబ్బు మాత్రం అతనికి తిరిగి రాలేదు. ఒక సెట్టింగు తెలియకపోతే దొంగ అనే మాట కూడా పడవలసి వస్తుందని ఆనాడు అందరికీ అర్థమైంది.

కాబట్టి క్రమం ఇది: పంపాలి, కంప్యూటర్‌లో వచ్చిన వరుసలను లెక్కపెట్టాలి, స్కానర్ చెప్పిన మొత్తంతో పోల్చాలి, ఫైలు భద్రపరచాలి, ఆ తరువాత చెరపాలి. ముందే చెరిపితే రోజంతా చేసిన పని పోతుంది.

తరచు వచ్చే చిక్కులు

- మధ్యలో అంకెలు ఎగిరిపోతున్నాయి: కంప్యూటర్ నెమ్మదిగా ఉంది. అక్షరానికీ అక్షరానికీ మధ్య విరామం పెంచే కోడ్ స్కాన్ చేయండి.
- ఎక్సెల్‌లో నంబరు 8.90ఇ+12 అని పడుతోంది, లేదా మొదటి సున్నా పోతోంది: స్కాన్ చేయకముందే ఆ వరుసను 'టెక్స్ట్'గా మార్చాలి. 15 అంకెలు దాటిన నంబరు అయితే ఎక్సెల్ చివరి అంకెలను సున్నాలు చేసేస్తుంది, అవి మళ్ళీ రావు.
- ఫోన్‌కు కలిపాక తెర మీది కీబోర్డు మాయమైంది: ఫోన్ స్కానర్‌నే కీబోర్డు అనుకుంటోంది. ఫోన్ సెట్టింగుల్లో తెర కీబోర్డును కూడా చూపమని పెట్టుకోవచ్చు.
- బీప్ వస్తోంది, తెర మీద ఏమీ లేదు: కర్సర్ వేరే చోట ఉంది, లేదా స్కానర్ నిల్వ పద్ధతిలో ఉంది.
- అసలు చదవడం లేదు: అద్దం తుడవండి, ఛార్జింగ్ చూడండి, దూరం మార్చి చూడండి. మెరిసే కవరు మీద కాస్త ఏటవాలుగా పట్టుకోండి.

హాస్టల్‌లోనే సాధన

ఇదంతా నేర్చుకోవడానికి ఉద్యోగం వచ్చేదాకా ఆగనవసరం లేదు. మన లైబ్రరీ పుస్తకాలకు రిజిస్టరులో వరుస నంబర్లున్నాయి. ఆ నంబర్లను 'కోడ్ 128' రకం బార్ కోడ్‌లుగా కంప్యూటర్‌లో తయారుచేసి, మామూలు కాగితం మీద అచ్చు తీసి అంటించవచ్చు. గీతలకు రెండు పక్కలా తెల్లని ఖాళీ వదలాలి, అది లేకపోతే స్కానర్‌కు మొదలు, చివర తెలియవు. పూర్వ విద్యార్థులు కలిసి ఒక్క స్కానర్ కొనిస్తే, పుస్తకం తీసుకున్నప్పుడు ఒకసారి, తిరిగి ఇచ్చినప్పుడు ఒకసారి బీప్. ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో ఎక్సెల్‌లోనే తెలుస్తుంది. ఇంటర్ చదివే తమ్ముళ్ళు ఇద్దరు ముగ్గురు ఆదివారాలు కూర్చుంటే అయ్యే పని. అలా చేసినవారికి రేపు ఏ కౌంటర్ దగ్గర నిలబడ్డా కొత్త ఉండదు.

పనిలో చేరిన చోట స్కానర్ చేతికి ఇచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: దీని చిన్న పుస్తకం ఎక్కడుంది? ఇది నిల్వ పద్ధతిలో ఉందా? చివరిసారి ఎవరు, ఎప్పుడు చెరిపారు? ఇలా అడగడానికి మొహమాటపడకండి. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు తీసుకుని పని మొదలుపెట్టినవాడి మీదికి లెక్క తప్పిన నింద అంత తేలికగా రాదు.