విటమిన్ 'డి' - వారమునకు ఒక్క మాత్ర ఎందుకు?

ఎముకలు గట్టిపడుటకు కాల్షియము కావలెను. ఆహారములోని కాల్షియమును ప్రేగులనుండి రక్తములోనికి చేర్చుటకు విటమిన్ 'డి' తోడ్పడును. ఇది చాలనిచో పిల్లలకు రికెట్సు వ్యాధి కలిగి కాళ్లు వంకరపోవును. పెద్దల ఎముకలు మెత్తబడును. ఎండ సోకినపుడు చర్మము దీనిని తయారు చేసికొనును. పగలంతయు గదులలో గడపువారికి దీని లోపము కలుగుట అరుదు కాదు. అట్టివారికి వైద్యులు దీనిని మందు రూపమున ఇత్తురు.

మన దేశములో ఎక్కువగా వాడుకలోనున్నది 60,000 యూనిట్ల మాత్ర, లేక పొడి పొట్లము. గ్రాములో పదిలక్షవ వంతు మైక్రోగ్రాము; 40 యూనిట్లు ఒక మైక్రోగ్రాముతో సమానము. కనుక 60,000 యూనిట్లనగా ఒకటిన్నర మిల్లీగ్రాము మాత్రమే. ఆవగింజ బరువైనను ఉండదు. అయినను దాని బలము తక్కువది కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో పెద్దలకు సూచించిన మోతాదు దినమునకు 600 యూనిట్లు. అనగా ఒక్క మాత్రలో నూరు దినముల వంతు ఇమిడియున్నది! అందుచేతనే లోపమున్నవారిని సాధారణముగా వారమునకు ఒకటి చొప్పున 8 వారములు వాడుమని వైద్యులు చెప్పుదురు.

పొరపాటు ఇక్కడనే జరుగుచున్నది. తక్కిన మాత్రలవలెనే దీనినికూడ దినమునకు ఒకటి చొప్పున మ్రింగువారు కలరు. గడువు ముగిసినను మానక నెలల తరబడి వాడువారును కలరు. విటమిన్ 'సి' ఎక్కువైనచో చాలవరకు మూత్రములో వెడలిపోవును. 'డి' అట్లు కాదు. అది క్రొవ్వులో కరగి, అందులోనే నిలువయుండును. మితిమీరినపుడు రక్తములో కాల్షియము పెరిగిపోవును. ఆకలి మందగించుట, వాంతులు, మలబద్ధకము, మిక్కుటమైన దప్పిక, మాటిమాటికి మూత్రము వచ్చుట దీని చిహ్నములు. ముదిరినచో మూత్రపిండములు చెడును. మాత్ర మానినను నిలువయున్నది తరుగుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. కనుక ఈ చిహ్నములు కనబడిన వెంటనే మాత్ర ఆపి వైద్యుని చూడవలెను.

క్రొవ్వులో కరగు ఈ గుణమును మేలునకును వినియోగించుకొనవచ్చును. పరగడుపున కాక, నెయ్యియో, నూనెయో, పాలో ఉన్న భోజనముతో తీసికొనినచో మాత్ర బాగుగా వంటబట్టును. వారములో ఒక దినమును నిర్ణయించుకొని కాలెండరుపై గుర్తు పెట్టుకొనుట మంచిది. కాల్షియము మాత్రలలోను, బలవర్ధక మాత్రలలోను 'డి' ఉండవచ్చును గనుక, వానిపైనున్న అంకెలను కూడ కలిపి చూడవలెను. వైద్యుని సలహా లేనిదే పెద్దలు దినమునకు 4,000 యూనిట్లు మించరాదు. మూత్రపిండములలో రాళ్లున్నవారును, క్షయరోగులును ముందుగానే వైద్యునితో ఆ సంగతి చెప్పవలెను. పసిపిల్లలకు ఇచ్చు చుక్కల మందును సీసాతో వచ్చిన కొలతతోనే కొలిచి ఇయ్యవలెను. చీటీలో వ్రాసినది దినమునకా, వారమునకా అను సంగతి మందుల దుకాణము విడుచుటకు ముందే అడిగి తెలిసికొనవలెను.