ప్రజాభవనములందు ప్రవేశము – సమాచారము నడుగు హక్కు

మన సభ్యుల బిడ్డలు పలువురు హైదరాబాదునందలి హైటెక్ సిటీ, మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల మేడలలో ఉద్యోగములు చేయుచున్నారు. మేడ యెంత గొప్పదైనను, వాకిట నాలుగు మెట్లుండి ర్యాంపు లేనిచో నడువలేనివారి చక్రముల కుర్చీ యచ్చటనే నిలిచిపోవును. అట్టివారిని నలుగురు మోసికొని పోవుట దయ యని తలంతురు. ఒరుల సాయము లేక లోనికి పోవుట వారి హక్కని సభ్యులకు మనవి చేయుచున్నాము.

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము ప్రజాభవనమనగా సర్కారు కచేరి మాత్రమే కాదు. ప్రజలు వచ్చిపోవు ప్రైవేటు భవనము, పనిచేయు చోటు, అంగడి, ఆసుపత్రి కూడ అందు చేరును. ప్రవేశ నియమములు పాటింపని భవనమునకు పూర్తియైనట్లు ధ్రువపత్రము నీయరాదని 44వ సెక్షను శాసించుచున్నది. పాత భవనములను సరిచేయుటకు 2017 జూనులో మొదలైన ఐదేండ్ల గడువు 2022లో నిండినది. నియమములు సలహాలుగా నుండిన చాలదనియు, తప్పనిసరి కావలయుననియు సుప్రీముకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పినది. ఆ తీర్పునకు తోడ్పడిన నివేదిక హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము వారిదే.

ప్రైవేటు కంపెనీ మన ప్రశ్నకు జవాబీయదు గదా యని కొందరు శంకింతురు. నిజమే. కాని ఆ మేడకు అనుమతియు, ధ్రువపత్రమును ఇచ్చు కచేరి ప్రభుత్వసంస్థయే. ఆ కాగితములు దాని దస్తరములో నుండును. 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము వానికి వర్తించును.

అర్జీలో "ర్యాంపు ఏల కట్టలేదు?" అని తగవాడిన ఫలము లేదు. చట్టము దస్తరములో నున్నదానినే యిప్పించును. కావున భవనము పేరు, చిరునామా తెలిపి, ఆమోదించిన ప్లాను, తనిఖీ నివేదిక, ధ్రువపత్రము – వీని నకళ్లు కోరవలయును. కారణము చెప్ప నక్కరలేదు. వ్రాత రానివారికి సమాచారాధికారియే సాయపడవలయును. రుసుము మండలస్థాయిని 5 రూపాయలు, ఆపై కచేరులలో 10 రూపాయలు; గ్రామస్థాయిని ఏమియు లేదు. 30 దినములలో జవాబు రానిచో, మరి 30 దినములలో పై యధికారికి అప్పీలు చేయవలయును. అచ్చటను న్యాయము జరుగనిచో 90 దినములలో రాష్ట్ర సమాచార కమిషనును ఆశ్రయింపవచ్చును. అకారణముగ జాప్యము చేసిన యధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా గలదు.

నకళ్లు వచ్చిన పిదప వాకిలిని కొలిచి చూడుడు. ర్యాంపునకు అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు ఉండవలయును. ధాన్యపు బండిని గట్టుమీదికి తోలిన రైతునకు వాలు సంగతి వేరే చెప్పనేల? కాగితమునకును వాకిలికిని పొంతన లేనిచో, ఆ నకలు జతపరచి రాష్ట్ర వికలాంగుల కమిషనరునకు ఫిర్యాదు చేయవచ్చును.

ఈ పద్ధతియే మన మండల కార్యాలయమునకును, మార్కెట్టు యార్డునకును చెల్లును. సభ్యులు ముందుగా దగ్గరి వాకిలినే కొలిచి, ఒక్క అర్జీ వ్రాసి చూడవలయునని కోరుచున్నాము.