ఎక్కినవాడి దగ్గరే పూర్తయ్యే సైకిలు

సైకిలు పంపు గొట్టం చివర వేలితో గట్టిగా మూసి, పిడిని కిందికి నొక్కి చూడండి. మొదటి సగం సులువుగా దిగుతుంది. ఆ తర్వాత మొరాయిస్తుంది. చివరి రెండంగుళాలు ఒంటి బరువంతా మోపినా దిగనంటుంది. చెయ్యి వదిలితే పిడి తనంతట తానే పైకి లేస్తుంది. వెనకా ముందూ షాకబ్జర్లున్న మౌంటెన్ బైకులను ఇవాళ ఎక్కువగా మోస్తున్నది ఈ గాలి స్ప్రింగే.

సైకిలుకు స్ప్రింగు పెట్టాలన్న ఆలోచన పాతదే. 1885లోనే లండన్‌లో ‘విప్పెట్’ అనే సైకిలు తయారైంది. సీటు, హ్యాండిలు, పెడళ్లు కలిసి ఒక ముక్కగా స్ప్రింగు మీద ఊగేవి. కింద చక్రాలు గతుకులు తినేవి, పైన మనిషి కుదురుగా ఉండేవాడు. అప్పటి చక్రాలకు ఉన్నది గట్టి రబ్బరు పట్టీ మాత్రమే. మూడేళ్లకు, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. పిడికెడు గాలి ఆ పని చేసిపెడుతుంటే బరువైన స్ప్రింగు ఎవరికి కావాలి? విప్పెట్ తెరమరుగైంది. ఇంచుమించు నూరేళ్లు మామూలు సైకిలుకు టైరే స్ప్రింగు.

ఆ టైరు చాలని చోటు కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండల్లో ఎదురైంది. 1970లలో అక్కడి కుర్రాళ్లు లావు టైర్ల పాత బండ సైకిళ్లు వెతికి తెచ్చి మట్టిదారుల్లో దిగేవారు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర పందెం పెట్టుకున్నారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దారి, దాదాపు నాలుగు వందల మీటర్ల దిగుడు. ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరు. బ్రేకు వెనక హబ్బు లోపల ఉండేది, పెడలు వెనక్కి తొక్కితే పడేది. కిందికి చేరేసరికి హబ్బు కాలిపోయి గ్రీజంతా పొగైపోయేది. విప్పి మళ్లీ కందెన కూరితేగాని రెండో దిగుడు లేదు. అలా మళ్లీ కూరడమే రీప్యాక్. ఈ క్రీడ తొలి పందేనికి ఒక మరమ్మతు పనే పేరైంది. ఆ మరుసటి ఏడే జో బ్రీజ్ అలాంటి దారుల కోసమే కొత్తగా ఫ్రేము కట్టాడు.

ముందు చక్రం సంగతి త్వరగానే తేలింది. 1989లో పాల్ టర్నర్ రాక్‌షాక్స్ పేరుతో తెచ్చిన ఆర్‌ఎస్-1 ఫోర్కు రెండంగుళాలు కుంగేది. లోపల గాలి, నూనె. మరుసటి ఏడాది కొలరాడోలోని దురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో దిగుడు పందెం గెలిచిన గ్రెగ్ హెర్బోల్డ్ సైకిలుకు ఉన్నది రాక్‌షాక్స్ ఫోర్కే.

అసలు చిక్కు వెనక చక్రంతో. దాన్ని చైను పెడళ్లకు కట్టేసింది. చక్రం రాయెక్కి పైకి లేస్తే ఇరుసుకూ పెడళ్లకూ మధ్య దూరం మారుతుంది. చైను బిగుసుకుని పాదాన్ని వెనక్కి గుంజుతుంది. ఇక గట్టిగా తొక్కితే చైను లాగుడు, ఒంటి ఊపు కలిసి షాకబ్జరును కదిలిస్తాయి. తొక్కు తొక్కుకీ సైకిలు గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది. నేలకు మెత్తగా ఉండాలి, కాలికి గట్టిగా ఉండాలి. ఒకే కీలుతో ఈ రెండూ కుదరడం కష్టం.

దీనికి దారి చూపినవాళ్లలో నాకు అందరికన్నా ఇష్టమైనవాడు హార్స్ట్ లైట్నర్. ఆస్ట్రియావాడు, మోటారుసైకిల్ పందేల మనిషి. చైను లాగుడు వెనక సస్పెన్షన్‌ను చెడగొట్టకుండా మోటారుసైకిళ్లకు ముందే ఒక పరికరం చేశాడు. సైకిలు దగ్గరికి వచ్చేసరికి ఆయన చేసిన మార్పు చూడ్డానికి చాలా చిన్నది. వెనక ఇరుసుకు కాస్త ముందు, కింది కడ్డీ మీద ఒక కీలు పెట్టాడు. దాంతో ఇరుసు ఆ కడ్డీకి నేరుగా బిగించి ఉండదు. నాలుగు ముక్కలు నాలుగు కీళ్ల మీద కదులుతుంటే వాటిలో ఒకదాని మీద తేలుతుంది. చక్రం ఏ దారిన పైకి లేవాలో, బ్రేకు పట్టినప్పుడు ఎలా ఉండాలో ఇంజినీరు విడివిడిగా లెక్కకట్టే వీలు దొరికింది. దాన్ని ఇప్పటికీ ‘హార్స్ట్ లింక్’ అనే పిలుస్తారు. 1998లో ఆ పేటెంటును స్పెషలైజ్డ్ కంపెనీ కొనుక్కుంది. గడువు తీరేదాకా అమెరికాలో మిగతావాళ్లు ఆ కీలును తప్పించుకుని వేరే దారులు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఎక్కుడుకు ఈ సైకిలు పనికిరాదన్న మాట చాలాకాలం నిలిచింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో చెక్ దేశపు యారొస్లావ్ కుల్హావీ రెండు షాకబ్జర్ల సైకిలు మీద ఒక్క సెకను తేడాతో స్వర్ణం గెలిచాడు. ఆ వాదన అక్కడితో ముగిసిందనే నా అభిప్రాయం.

ఇంతమంది ఇన్నేళ్లు కష్టపడి చేసిన ఈ యంత్రం ఫ్యాక్టరీ గేటు దాటేనాటికి కూడా పూర్తి కాదు. యాభై కిలోల అమ్మాయికీ తొంభై కిలోల మనిషికీ ఒకే సైకిలు వస్తుంది. లోపలి గాలి ఎవరికి వారు కొలుచుకోవాల్సిందే. కొన్న రోజు కొట్టి ఇచ్చిన గాలితోనే ఏళ్ల తరబడి తిరిగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

కొలత చాలా తేలిక. షాకబ్జరు మెరిసే కడ్డీ మీద సన్నని రబ్బరు రింగు ఉంటుంది. హెల్మెట్టు, సంచీ, నీళ్లసీసా అన్నిటితో సహా, గోడ పట్టుకుని సైకిలెక్కండి. రింగును సీలు దాకా జరిపి, ఊగకుండా కుదురుగా బరువు మోపి, అంతే నెమ్మదిగా దిగండి. రింగు ఎంత జరిగిందో స్కేలుతో చూడండి. ఒట్టి బరువుకే కుంగిన ఈ దూరాన్ని ‘సాగ్’ అంటారు. మొత్తం కుంగుబాటులో వెనక 25 నుంచి 30 శాతం, ముందు 15 నుంచి 20 శాతం ఉంటే చాలావరకు సరిపోతుంది. షాకబ్జరు 50 మిల్లీమీటర్లు కుంగేదైతే రింగు 15 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. చక్రం గుంటలోకి జారినా నేలను వదలకుండా ఉండటానికి ఈ కుంగుడు కావాలి.

గాలికి మామూలు పంపు పనికిరాదు. ఈ టైర్లలో పాతిక పీఎస్‌ఐ ఉంటే షాకబ్జరులో నూట యాభై దాటడం మామూలే. దీనికి సన్నని గొట్టం, మీటరు ఉన్న షాక్ పంపు వేరే ఉంటుంది. కొట్టడం మధ్యలో ఆపి సైకిలును పదిసార్లు నొక్కాలి, లోపలి రెండు గదుల్లో గాలి సర్దుకుంటుంది. పంపు తీసేటప్పుడు వచ్చే ‘తుస్’ శబ్దం గొట్టంలో మిగిలిన గాలిది. మళ్లీ తగిలిస్తే ముల్లు తగ్గి కనిపిస్తుంది. అది లీకు కాదు, ఖాళీ గొట్టం నిండటానికి పోయిన గాలి. ఇది తెలియక బాగున్న షాకబ్జర్లను విప్పించినవాళ్లున్నారు.

తర్వాతది ఎర్ర మీట. స్ప్రింగు ఎంత వేగంగా తిరిగి లేవాలో అది చెబుతుంది. లోపల నూనె సన్నని రంధ్రాల గుండా దూరుతూ, ఎగిరిపడే శక్తిని వేడిగా మార్చేస్తుంది. పొడవాటి దిగుడు తర్వాత షాకబ్జరు ఒంటిని తాకితే వెచ్చగా తగిలేది ఆ శక్తే. మీట మరీ వదులైతే సీటు వెనకనుంచి తన్నినట్టుంటుంది. మరీ బిగిస్తే ఒక రాయి దాటి లేచేలోపే రెండోది వచ్చేస్తుంది. అలా రాయి రాయికీ కుంగిపోయి చివరికి రాయిలాగే అవుతుంది.

ఇక కీళ్లు. హబ్బులో బేరింగు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి గ్రీజు అంతటా పాకుతుంది. ఫ్రేము కీళ్లలో బేరింగు కొద్ది డిగ్రీలే అటూ ఇటూ ఊగుతుంది. గోళీలు ఒకే చోట రాసుకుంటాయి, అక్కడే గుంట పడుతుంది. పైపుతో జోరుగా నీళ్లు కొట్టి కడిగితే ఉన్న గ్రీజూ పోతుంది. గుడ్డ, బకెట్టు నీళ్లు చాలు. ఒకసారి నా సైకిలు తొక్కినప్పుడల్లా ‘కిర్రు’మంటుంటే పెడళ్లు, సీటు అన్నీ విప్పి చూశాను. చివరికి షాకబ్జరు తీసేసి వెనక భాగాన్ని చేత్తో ఎత్తి దించాను. ఒక కీలు దగ్గర చిన్న గరుకు వేళ్లకు తగిలింది. విప్పితే గోళీల చుట్టూ తుప్పు రంగు పేస్టు. బేరింగు మార్చి, బోల్టును టార్క్ రెంచితో ఫ్రేము మీద రాసి ఉన్నంతే బిగించాక శబ్దం పోయింది.

నడిచిన యాభై గంటలకోసారి గాలిగది సీళ్లు, ఫోర్కు కింది కాళ్ల నూనె చూడాలని తయారీదార్లు చెబుతారు. ఆదివారం ఆదివారం రెండు గంటలు తొక్కేవాళ్లకు అది ఆరు నెలలు. తీసిన నూనె నల్లగా ఉంటే ఆలస్యం చేశారన్నమాట. గాలిగది విప్పేముందు గాలంతా తీసేయాలి. గాలి తీశాక కూడా షాకబ్జరు కుంగినట్టే ఉండిపోతే ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి, లోపల గాలి చిక్కుకుని ఉంటుంది. నైట్రోజన్ నింపిన భాగాన్ని పనితెలిసినవాళ్లకే వదిలేయండి.

ఈసారి బయల్దేరే ముందు ఒక చీటీ మీద మూడు అంకెలు రాసుకోండి: ముందు గాలి ఎంత, వెనక గాలి ఎంత, ఎర్ర మీట ఎన్ని క్లిక్కులు. కింద తేదీ వేసి సీటు అడుగున అంటించండి.