గుండె ఆగే ముప్పును ముందే పసిగట్టగలమా?

2023 ఫిబ్రవరిలో భైంసా దగ్గర ఓ పెళ్లి విందులో డాన్స్ చేస్తూ 19 ఏళ్ల యువకుడు కుప్పకూలాడు. భైంసా ఏరియా ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది. ఇలాంటి ముప్పు ఎవరికుందో ముందే తెలియదా?

కొంతవరకే తెలుస్తుంది. గుండెను కొట్టించేది సన్నని కరెంటు. అది గాడి తప్పితే కింది గదులు వణుకుతాయే తప్ప రక్తాన్ని తోయలేవు. ఎడమ కింది గది ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో ఎంత శాతం తోస్తోందో ఎకో పరీక్ష చెబుతుంది. మామూలుగా అది 55 పైనే. మందులు వాడాక కూడా 35 దాటకపోతే చాలామందికి ఛాతీ చర్మం కింద ఐసీడీ అనే పరికరం అమర్చుతారు. 1980లో తొలిసారి మనిషికి పెట్టిన ఈ పరికరం, ప్రాణాంతకంగా లయ తప్పితే సెకన్లలో షాక్ ఇస్తుంది, ఆ లయను రికార్డు కూడా చేస్తుంది. ఆ రికార్డులు, ఎంఆర్‌ఐలో గుండె కండరంపై కనిపించే మచ్చలు కలిపి చూసి డాక్టర్లు ముప్పును అంచనా వేస్తారు.

అయినా ఐసీడీ ఉన్న ఎంతోమందికి షాక్ అవసరమే రాదు. ఆ శాతం 35 దాటినవాళ్లలోనూ కొందరు హఠాత్తుగా పడిపోతారు! అందుకే, ఎవరైనా కుప్పకూలి ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయించి, వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి.