వృద్ధులకు అనుబంధ వైద్య భీమా: ఎంచుకొను విధము

వ్యవసాయ ప్రదర్శకుడు విత్తనములను, ఎరువులను విడిచి వైద్య భీమాను గూర్చి వ్రాయుట యేమని సభ్యులలో కొందఱు అడుగవచ్చును. గ్రామములలో భూమి యెట్లు చేతులు మాఱుచున్నదో విచారించినవారికి ఈ సందేహము కలుగదు. పంట పోయినందున ఎకరము అమ్మినవారు కలరు. తండ్రికి గుండె ఆపరేషను నిమిత్తమో, తల్లి తుంటియెముక విఱిగినందుననో అమ్మినవారును కలరు. పంటనష్టము మఱుసటి సాలున కొంత తీరవచ్చును గాని ఆసుపత్రి నిమిత్తము అమ్మిన చెక్క తిరిగి వచ్చుట అరుదు. కావున ఈ విషయము మన పొలములోనిదే యని నా యభిప్రాయము.

ఇప్పుడు భీమా ఏజెంట్లు పెద్దవారి కొఱకు "టాపప్", "సూపర్ టాపప్" అను అనుబంధ పాలసీలను చూపుచున్నారు. ప్రీమియము కొద్ది, భీమా మొత్తము పది లక్షలు, ఇరువది లక్షలు అని చెప్పుదురు. ఆ మాట అబద్ధము కాదు. అయినను అనుబంధము అనగా వేఱొక దానికి తోడుగా నుండునది. ఆ మొదటిది తనకు కలదో లేదో చూచుకొనక దీనిని కొన్నవాడు కాలువ లేని పొలమునకు తూము కొన్నవానివలె నుండును.

మన ప్రాంతమున పెక్కు కుటుంబములకు మొదటిది ప్రభుత్వ పథకమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2007వ సంవత్సరమున ఆరోగ్యశ్రీ ఆరంభమయ్యెను. తెలంగాణములో దాని పరిమితి 2023 డిసెంబరున కుటుంబమునకు సాలుకు 10 లక్షల రూపాయలకు హెచ్చింపబడినది. ఆంధ్రప్రదేశములో ఆ పథకమునకు 2024లో ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు పెట్టిరి. ఇవి గాక, కేంద్ర ప్రభుత్వమువారు 2024 అక్టోబరు 29వ తేదీన ఆయుష్మాన్ భారత్ పథకమును 70 ఏండ్లు నిండిన వారందఱికిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ, విస్తరించిరి. దీనిక్రింద కుటుంబమునకు సాలుకు 5 లక్షల రూపాయల వఱకు చికిత్స లభించును. ఇంట భార్యాభర్తలిద్దఱికిని డెబ్బది నిండినచో ఆ 5 లక్షలు ఇద్దఱికిని ఉమ్మడి. ఆ కుటుంబము మునుపే ఆయుష్మాన్ క్రింద నున్నచో పెద్దల కొఱకు ఈ మొత్తము వేఱుగా నుండును, ఇంటిలోని చిన్నవారు దానిని వాడుకొనరాదు. పాత రోగములకు సయితము మొదటి దినము నుండియే వర్తించును. ప్రీమియము లేదు.

కాబట్టి డెబ్బది నిండినవారు ఏ ఏజెంటు మాటయు వినుటకు ముందు ఈ వయోవందన కార్డును తీసికొనవలెను. ఆధారులోని వయస్సే దీనికి ప్రమాణము. మన పెద్దలలో పుట్టిన తేదీ యెఱిగినవారు కొద్దిమంది. అడిగినవారికి తోచిన సంవత్సరము చెప్పి, జనవరి 1 అని వ్రాయించుకొన్నవారు పలువురు. అట్టివారు ఆ కార్డును ఒకసారి తీసి చూచుకొనుట మంచిది. వివరములకు 14555 అను నెంబరునకు ఫోను చేయవచ్చును.

ఈ పథకములు మేలైనవే గాని వానికి హద్దులు గలవు. జాబితాలో నున్న ఆసుపత్రులలో, జాబితాలో నున్న చికిత్సలకే చెల్లును. ఆసుపత్రిలో చేరినప్పుడు పనికివచ్చును గాని చక్కెర వ్యాధికి, రక్తపు పోటుకు ప్రతిదినము మ్రింగు మాత్రల ఖర్చు దీనివలన తీరదు. రాత్రివేళ ప్రాణము మీదికి వచ్చినప్పుడు బండి యే ఆసుపత్రి ముందు ఆగునో ఎవరు చెప్పగలరు? అనుబంధ భీమా అవసరము పుట్టునది ఇక్కడనే.

ఇక టాపప్ పాలసీ పనిచేయు తీరు. చెఱువు నిండి అలుగు దాటిన నీరే క్రిందికి పాఱునని రైతులకు చెప్పనక్కఱలేదు. ఈ పాలసీకి కూడ అట్టి అలుగు ఒకటి కలదు. కంపెనీవారు దానిని డిడక్టబుల్ అందురు. అలుగు 5 లక్షలని వ్రాసియున్నచో, ఆసుపత్రి ఖర్చులో మొదటి 5 లక్షలు కంపెనీవారు ఇయ్యరు, పైది మాత్రమే యిత్తురు. ప్రీమియము కొద్దిగా నుండుటకు కారణము ఇదియే. టాపప్‌నకును సూపర్ టాపప్‌నకును భేదము స్వల్పముగా కనబడును గాని ఫలితమున చాల పెద్దది. ఒక వృద్ధుడు సాలులో రెండుమార్లు ఆసుపత్రిలో చేరెననుకొనుడు. మొదటిసారి 3 లక్షలు, రెండవసారి 4 లక్షలు అయినవి. 5 లక్షల అలుగు గల టాపప్ ప్రతి వానను వేఱుగా కొలుచును. మూడును అలుగు దాటలేదు, నాలుగును దాటలేదు, కనుక ఏమియు రాదు. సూపర్ టాపప్ సాలులో కురిసిన వానలనన్నిటిని ఒకే చెఱువులో నింపి కొలుచును. మొత్తము 7 లక్షలు గనుక 2 లక్షలు వచ్చును. ముసలితనమున రోగము ఒక్కమాఱు వచ్చి పోవునది కాదు. వృద్ధులకు టాపప్ కంటె సూపర్ టాపప్పే తగినది.

ఏజెంట్లు తఱచు దాటవేయు సంగతి యొకటి కలదు. ఈ వ్యాసము వ్రాయుట ముఖ్యముగా దాని కొఱకే. "మీకు 5 లక్షల ప్రభుత్వ కార్డు ఉన్నది కదా, 5 లక్షల అలుగు గల పాలసీ తీసికొనుడు, క్రింద అది, పైన ఇది" అని వారు లెక్క చెప్పుదురు. కాగితము మీద లెక్క చక్కగా కుదురును. రోగిని కార్డు జాబితాలో లేని ఆసుపత్రిలో చేర్చవలసివచ్చి, నాలుగున్నర లక్షలు బిల్లు అయినదనుకొనుడు. కార్డు అక్కడ చెల్లదు. సూపర్ టాపప్ 5 లక్షలు దాటిన గాని కదలదు. రెండు కాగితములును చేతిలో నుండగనే నాలుగున్నర లక్షలును ఇంటివారే కట్టవలెను. అట్లు గాక జాబితాలోని ఆసుపత్రిలోనే కార్డు మీద చికిత్స జరిగెననుకొన్నను, ప్రభుత్వము ఆసుపత్రికి చెల్లించిన మొత్తమును కంపెనీవారు అలుగు క్రింద లెక్కింతురో లేదో ముందే తెలిసికొనవలెను. ఈ ప్రశ్నను కంపెనీకే వ్రాసి, జవాబును వ్రాతమూలముగా తీసికొనుడు. ఏజెంటు నోటిమాట చాలదు.

కావున అలుగును కార్డు మీది అంకెను చూచి నిర్ణయింపరాదు. ఇంటిలో వారము దినములలో భూమి అమ్మకుండ, పెద్దవడ్డీకి తేకుండ ఎంత సొమ్ము కూర్చగలరో అంతయే అలుగు. రెండు లక్షలు కూర్చగలవాడు రెండు లక్షల అలుగే తీసికొనవలెను. ప్రీమియము కొంత హెచ్చును. అయినను ఆ హెచ్చు ధరకు తగిన వస్తువు దొరకును. డెబ్బది నిండక, ప్రభుత్వ కార్డు ఏదియు లేక, చేత సొమ్మును లేనివారు మొదట రెండు మూడు లక్షల చిన్న మూల పాలసీ నొకటి తీసికొని, దాని మొత్తమెంతో సూపర్ టాపప్ అలుగును అంతయే పెట్టుకొన్నచో నడుమ సందు మిగులదు.

వయస్సు మీఱినదని నిరుత్సాహపడనక్కఱలేదు. 2024 ఏప్రిలు నుండి అమలులోనున్న నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారము అఱువదియైదేండ్ల హద్దు తొలగినది. అన్ని వయస్సులవారికిని తగిన పాలసీలను కంపెనీలు ఉంచవలెను. ఆరోగ్యస్థితిని పరీక్షించి ప్రీమియము హెచ్చించుటకు, కొన్నియెడల నిరాకరించుటకు వారికి హక్కు కలదు. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తులును కుటుంబములును తీసికొను ఆరోగ్య పాలసీల ప్రీమియము మీద జీఎస్టీ పన్ను తీసివేయబడినది. అంతకుముందు అది నూటికి 18 వంతున నుండెడిది. అఱువది దాటినవారి ప్రీమియమును సాలుకు నూటికి పదికి మించి పెంచదలచినచో కంపెనీ ముందుగా నియంత్రణ సంస్థను సంప్రదింపవలెనని 2025 జనవరిలో ఉత్తరువు వెలువడినది. అయినను ప్రీమియము ఏటేట పెరుగునదే యని యెంచి, పదేండ్లు కట్టగలిగినదానినే మొదలుపెట్టవలెను. నడుమ మానిన, అంతవఱకు గడచిన నిరీక్షణకాలము వృథా యగును.

నిరీక్షణకాలమనగా ఏమి? మామిడి నాటిన సాలుననే కాపు రానట్లు, ఉన్న రోగములకు పాలసీ వెంటనే ఫలమీయదు. ప్రమాదములు తప్ప తక్కిన వానికి సామాన్యముగా మొదటి 30 దినములు చెల్లదు. పాలసీకి ముందే యున్న రోగములకు గరిష్ఠముగా 36 నెలలు ఆగవలసియుండును. ఏ రోగమునకు ఎన్ని నెలలో పాలసీలోనే యుండును. శుక్లము, కీళ్ల మార్పిడి మున్నగు వానికి ప్రత్యేకముగా వ్రాసియుందురు. ఉన్న రోగమును దాచుట మాత్రము ఎంతమాత్రము తగదు. "బీపీ సంగతి వ్రాయకుడు, ప్రీమియము తగ్గును" అని సలహా యిచ్చు ఏజెంటును గుమ్మము దాటనీయకుడు. అరువది నెలలు ఎడతెగక కట్టిన పిదప, మోసము రుజువైన గాని, చెప్పలేదను మిషతో కంపెనీ క్లెయిమును త్రోసివేయరాదు. ఆలోపల మాత్రము ఆ చిన్న అబద్ధమే పాలసీనంతను ముంచును.

మఱి రెండు షరతులు. నూటికి ఇరువది రోగియే భరింపవలెనని యున్నచో, చెల్లదగిన బిల్లు 2 లక్షలైన 40 వేలు మన చేతినుండి పోవును. గది అద్దెకు హద్దు గల పాలసీలు ఇంకను చిక్కైనవి. దినమునకు 3 వేల హద్దు గల పాలసీతో 6 వేల గదిలో చేరినచో, గది అద్దెయే గాక డాక్టరు ఫీజు, ఆపరేషను ఖర్చు మున్నగునవి కూడ అదే పాళ్లలో సగమునకు దిగును. మందులకు ఈ కోత లేదు. అందువలన చేరునప్పుడే గది ధర అడుగుట అవసరము. దినమునకు ఇంతయని చేతికిచ్చు "హాస్పిటల్ క్యాష్" పాలసీలు వెంట నుండువారి తిండికి, బండి ఖర్చులకు పనికివచ్చును గాని బిల్లు తీర్చునవి కావు.

సంఘమే సభ్యులందఱి పేర సామూహిక పాలసీ తీసికొనరాదా యని కొందఱకు తోచవచ్చును. కర్ణాటకములో సహకార సంఘముల రైతుల కొఱకు యశస్విని పథకము 2003లో పని చేయనారంభించినది. మొదట సభ్యుడు నెలకు 5 రూపాయల వంతున కట్టెడివాడు. 2018లో దానిని ప్రభుత్వ పథకములో కలిపివేసిరి, మరల 2022లో పునరుద్ధరించిరి. సామూహిక పాలసీలలో పాత రోగములకు నిరీక్షణ లేకుండ ఏర్పాటు చేసికొనుటకు అవకాశము కలదు. వృద్ధులకు ఇది పెద్ద మేలు. కాని పైని చెప్పిన పన్ను మినహాయింపు వీనికి లేదు. కంపెనీతో ఒడంబడిక ముగిసిన నాడు అందఱి రక్షణయు ఒక్కసారిగా ముగియును. సర్వసభ్య సమావేశములో చర్చింపదగిన విషయమే గాని దానిని నమ్మి సొంత పాలసీ మానుట యుక్తము కాదు.

పాలసీ పత్రము చేతికి వచ్చిన పిదప 30 దినములలో నచ్చనిచో వాపసు చేయవచ్చును. ఆ నెలలో చదువుకొన్న కొడుకుచేతనో కోడలిచేతనో మొదటినుండి తుదివఱకు చదివించుకొని వినవలెను. క్లెయిము విషయమున అన్యాయము జరిగెనని తోచినచో మొదట కంపెనీ ఫిర్యాదు అధికారికి వ్రాయవలెను. 30 దినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు సంతృప్తి కలిగింపకున్నను, హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. ఆ కార్యాలయము రెండు తెలుగు రాష్ట్రములకును చెందినది. 50 లక్షల వఱకు తగవులను విచారించును. ఫీజు లేదు, వకీలు అక్కఱలేదు. కంపెనీ త్రోసివేసిన నాటినుండి ఒక సంవత్సరములోపల వ్రాయవలెను. పాలసీ నకలు, ఆసుపత్రి బిల్లులు, కంపెనీ వ్రాసిన ఉత్తరములు అన్నియు జతపఱుపవలెను.