మీకు తెలుసా? జగ్గయ్యపేట పక్కనే ఓ బౌద్ధ స్తూపం

హైదరాబాద్ నుంచి బెజవాడకు కారులో వెళ్లే కుటుంబాలు చిల్లకల్లు టోల్‌గేట్ దాటి, నందిగామలో టీ తాగి సాగిపోతాయి. చిల్లకల్లు దగ్గర జగ్గయ్యపేట వైపు తిరిగితే ధనబోడు కొండ మీద సుమారు రెండు వేల ఏళ్లనాటి బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు.

అక్కడ దొరికిన స్తంభాల మీద ప్రాకృత శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి వేయించాడు. వెలగిరిలోని మహాచైత్యం (స్తూపం) తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టిస్తూ తండ్రి పేరు, తల్లి పేరు, భార్య, పిల్లలు, సోదరుడు, అతని భార్య, ఇలా ఇంటిల్లిపాదినీ చెక్కించాడు. రాజుగారికి దక్కింది మాత్రం ఒక్క వాక్యమే!

ఇక్కడి పేరుమోసిన శిల్పం మాంధాత చక్రవర్తిది. ఆయన చెయ్యి పైకెత్తితే మబ్బుల్లోంచి నాణేలు కురుస్తుంటాయి. పరికించి చూస్తే అవి గుండ్రంగా కాదు, నలుచదరంగా ఉంటాయి. చుట్టూ రాణి, ఏనుగు, గుర్రం, చక్రం. అయితే ఆ ఫలకం కోసం చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం దాకా వెళ్లాల్సిందే.

ఆ స్తూపంతో పోలిస్తే ఇప్పటి జగ్గయ్యపేట వయసు చాలా చిన్నదే. అప్పటి బేతవోలును అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరిట పట్టణంగా తీర్చిదిద్దాడు. పూట మిగిలితే కృష్ణ ఒడ్డున వేదాద్రి నరసింహస్వామినీ, మునేటి గట్టున పెనుగంచిప్రోలు తిరుపతమ్మనూ చూసి రావచ్చు.