రోమను దీనారం

శావల్యాపురానికి చేరువలోనున్న వినుకొండలో 1889వ సంవత్సరంలో 15 బంగారు నాణేలు లభించాయి. అవి శాతవాహనులవో, ఇక్ష్వాకులవో కావు. రోము చక్రవర్తులు టైబీరియస్ మొదలు కారకల్లా వరకు ముద్రింపించినవి. నల్గొండ ప్రాంతంలోని అక్కన్‌పల్లెలోనైతే 1,500కు పైగా రోమను వెండి నాణేలు ఒక్కచోటనే దొరికాయి. సముద్రాలకావల తయారైన ఆ వెండిని పండితులు ఎట్లా గుర్తిస్తారో తెలుసుకుందాం.

రోమనుల వెండి నాణెం పేరు దెనారియస్. సంస్కృతంలోని ‘దీనారం’ దాని రూపాంతరమే. అమరకోశం ఎరిగిన మాట ఇది. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులోనూ వినిపిస్తుంది. మన పల్నాటి నాగార్జునకొండలో లభించిన క్రీ.శ. 3వ శతాబ్దపు శాసనమొకటి, రుద్రధర భట్టారిక అనే మహాదేవి 170 దీనారి మాషకాలను దానం చేసినట్లు చెబుతుంది. మిరియాలకూ, సన్నని వస్త్రాలకూ, రత్నాలకూ బదులుగా ఈ ధనం మన రేవులకు చేరేది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులను హరిస్తున్నదని రోమను రచయిత ప్లీనీ వాపోయాడు. నాలుగు సెస్టర్సులు ఒక దెనారియస్. అనగా కోటీ పాతిక లక్షల వెండి నాణేల విలువ!

ఇక నాణేన్ని చూద్దాం. బొమ్మవైపు చక్రవర్తి శిరస్సు పక్కకు తిరిగి, తరచుగా ఆకుల దండ ధరించి ఉంటుంది. అయితే శిరస్సును మాత్రమే చూసి నిర్ణయించరాదు. శాతవాహనుల వెండి నాణేలపైనా రాజు ముఖం కనిపిస్తుంది. భేదం తెలిపేది లిపి. మనవారిది బ్రాహ్మీ, రోమనులది లాటిన్. లాటిన్ అక్షరాలు అంచు వెంట, మాటల నడుమ ఎడం లేకుండా, పొడి అక్షరాలుగా సాగుతాయి. అలవాటు లేనివారికి అది చిక్కుముడే. కానీ మన దేశంలో దొరికే దెనారియస్‌లలో అధికభాగం రెండే రకాలు కావడం వల్ల పని కొంత సులువవుతుంది. బొరుసువైపు ఇద్దరు యువకులు నిలబడి, వారి నడుమ డాళ్లు, ఈటెలు ఉంటే అది అగస్టస్ నాణెం. ఆ యువకులు అతని దత్తపుత్రులు గేయస్, లూసియస్. ఆసనంపై కూర్చున్న స్త్రీ, చేత రాజదండం, కొమ్మ ఉంటే అది టైబీరియస్‌ది. ఆమె అతని తల్లి లివియా అని పలువురి అభిప్రాయం.

తూనిక మరొక సాక్ష్యం. అగస్టస్ కాలపు నాణెం సుమారు 3.9 గ్రాములు. క్రీ.శ. 64లో నీరో దానిని 3.4 గ్రాముల వరకు తగ్గించాడు. తరువాతి వెండి ఇక్కడ అరుదుగా దొరకడానికి ఇదే కారణమని చరిత్రకారులు కొందరు భావిస్తారు. మన వర్తకులు మోసపోయే రకం కాదు మరి!

అచ్చుపై ఉంచి సుత్తితో కొట్టి ముద్రించినందువల్ల అసలు నాణెం అంచు సమంగా ఉండదు. బొమ్మ ఒక్కొక్కసారి పక్కకు జరిగి ఉంటుంది. అంచు చుట్టూ అతుకు గీత, పైభాగాన సన్నని గుంటలు కనిపిస్తే పోతపోసిన నకిలీగా శంకించాలి. ప్రాచీనకాలంలో ఇక్కడే చేసిన అనుకరణలు వేరు. వాటిలో అక్షరాలు అర్థంలేని గీతలుగా మారిపోతాయి. అవి నకిలీలైనా చరిత్రకు విలువైనవే. కొన్ని నాణేలపై చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంటుంది. అది లోహపరీక్ష కోసమా, పరాయి ప్రభువు అధికారాన్ని తోసిపుచ్చడానికా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు.

ఇటువంటి నాణేలను చింతపండుతో తోమితే అక్షరాలు అరిగిపోతాయి. కంసాలి మూసలో వేస్తే ఏమీ మిగలదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన, 10 రూపాయలకు మించిన విలువగల నిధిని గురించి కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. నాణేలతోపాటు అవి ఉన్న కుండనూ, పొలం పేరునూ, లోతునూ నమోదు చేయించాలి. వినుకొండ నాణేలు వినుకొండవని ఈనాడు మనం చెప్పగలుగుతున్నది వాటి జాడను ఆనాడు వ్రాసి ఉంచినందువల్లనే.